ఎంగిలి ముద్ద

ఎస్తేరు అన్నం ముద్దని ముందు తన నోట్లో పెట్టుకుని సగం కొరికింది. మిగిలిన సగాన్ని లాస్య నోటికి అందించింది. లాస్య చప్పరించి మింగి, మళ్ళీ నోరు తెరిచింది.

వంటింటి కిటికీ వెనక నిలబడి మల్లేశ్వరి చూస్తోంది. చూడకూడదనుకుంటూనే చూస్తోంది. పిల్ల తన కడుపున పుట్టింది. అన్నం తన ఇంట్లో ఉడికింది. ఉప్పు వేసి మెత్తగా కలిపింది కూడా తనే. తినిపించడానికి మాత్రం పక్క వాటాలోంచి ఎస్తేరు రావాలి, అదీ కొరికి పెట్టాలి. ఇంకో తల్లయితే రెక్క పట్టుకుని గేటు బయటికి నెట్టేది. మల్లేశ్వరి ఎస్తేరుకి పీట వేసి, మంచినీళ్ళ చెంబు పెట్టి, లోపలికొచ్చి ఊచలు పట్టుకుని నిలబడుతోంది.

"ఇంకో ముద్ద తింటావా నా బంగారం?" అంది ఎస్తేరు.

"మాడు," అంది లాస్య.

"మాడా? మీ అమ్మ వంటలో మాడు యాడుంటదే. అడుగంటుద్దేమోనని గరిటె తిప్పతానే ఉంటది." ఎస్తేరు కిటికీ వైపు చూసి నవ్వింది. "రేపు మా ఇంట్లోది తెస్తాలే."

పిల్ల కిలకిలా నవ్వింది. ఆ నవ్వుకి మల్లేశ్వరి కడుపు చల్లబడాలి. కానీ గుండెల్లో కుంపటి రాజుకుంది.

రెండేళ్ళు నిండేదాకా లాస్య బతుకుతుందని మల్లేశ్వరి ఒక్క పూట కూడా నమ్మలేదు. ఆమె అసలు దేన్నీ నమ్మే మనిషి కాదు. మొగుడు శ్రీహరి దాణా ట్రాక్టరు తోలుకుని వెళ్తే అది కాలవలో పడిందనుకుంటుంది. ఫోను మోగితే ఎవరో పోయారనుకుంటుంది. పిల్ల నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తుంది. చదివింది ఏడో తరగతే గానీ, రోగాల పేర్లు మాత్రం పెద్ద చదువులు చదివినంతగా తెలుసు. అయితే పిల్ల విషయంలో ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. పాలు పడితే లాస్య మొహం ఉబ్బేది. పప్పుకట్టు పోస్తే కక్కేది. గుడ్డు, చేప, పెసరపప్పు, ఏది నాలిక మీద పడ్డా ఒళ్ళంతా దద్దుర్లు లేచి ఊపిరి అందేది కాదు. ఒంటికి పడేది వరన్నం, గంజి. ఒట్టి గంజితో పిల్ల ఎంతకని పెరుగుతుంది? కాళ్ళు చీపురుపుల్లలయ్యాయి. జుట్టు ఎర్రబడింది. తోటి పిల్లలు పరిగెడుతుంటే లాస్య గోడకి ఆనుకుని కూర్చుని చూసేది.

శ్రీహరి పనిచేసేది పందుల పరిశోధన కేంద్రంలో. కాపురం అక్కడి క్వార్టర్సులోనే. కేంద్రంలో సైంటిస్టు ఇందుమతి, అందరూ డాక్టరమ్మ అని పిలిచే ఆవిడ, ఒకరోజు గోడకి ఆనుకున్న లాస్యని చూసి ఆగింది. పిల్ల సంగతంతా విని, మల్లేశ్వరిని షెడ్డుకి తీసుకెళ్ళింది.

షెడ్డులో రెండు గదులు పక్కపక్కన ఉన్నాయి. రెండింటిలోనూ ఒకే ఈడు పంది పిల్లలు. ఎడం పక్క గదిలోవి ఎముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. కుడి పక్కవి నున్నగా, గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఆడుతున్నాయి.

"రెండింటికీ పెట్టేది నూకల జావే," అంది డాక్టరమ్మ. "వేరే ఏమీ పెట్టం."

మల్లేశ్వరి నమ్మలేదు. "కుడి పక్కవాటికి ఎవరైనా చాటుగా సోయా చెక్క వేస్తున్నారేమోనండీ."

తొట్టి కడుగుతున్న ఎస్తేరు తలెత్తింది. అప్పటికి ఆమె పక్క వాటాలో ఉంటూ ఆ షెడ్డు చూసుకునే మనిషిగానే మల్లేశ్వరికి తెలుసు. "సోయా చెక్క నా చేతికి దొరికితే నేను తిననా? వాటికెందుకు పెడతా?" అంది.

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది. "పప్పులో, పాలలో, గుడ్డులో అమైనో ఆమ్లాలని ఉంటాయి. ఒళ్ళు పెరగాలంటే అవి కావాలి. వాటిలో కొన్నిటిని మన ఒళ్ళు చేసుకోలేదు. లైసిన్ అలాంటిది. తిండిలోంచే రావాలి. అయితే పేగుల్లో ఉండే సూక్ష్మజీవులు కూడా దాన్ని కాస్త చేసి పెడతాయి. ఒంట్లోంచి బయటికి పోవాల్సిన వ్యర్థాన్ని పట్టుకుని చేస్తాయి. అన్ని పందుల్లోనూ ఇది కొంచెమే జరుగుతుంది, చాలదు. ఈ పిల్లల్లో ఉన్న రకం మాత్రం మొత్తం చేస్తోంది. జావ తాగినా గుడ్డు తిన్నట్టే."

"అంటే పాలలో తోడు వేసినట్టా అండీ?"

"అంతే. ఇవి తల్లి దగ్గర పెరిగాయి. తల్లి మూతి నాకి, తల్లి తొట్టిలో తిని ఆ తోడు తెచ్చుకున్నాయి. అవి తల్లికి దూరంగా పెరిగాయి. తేడా అదే." డాక్టరమ్మ మొహంలో నవ్వు పోయింది. "చిక్కేమిటంటే ఆ తోడు సీసాలో నిలవదు. పూట తిరక్కుండా చచ్చిపోతోంది. దానికి బతికున్న కడుపు కావాలి. పిల్లల కడుపులో కుదురుకోవడానికి చాలా కాలం పడుతుంది. అందాకా రోజూ చేరుతూనే ఉండాలి."

ఆ బతికున్న కడుపు మనుషుల్లో ఎస్తేరుకే దొరికింది. కేంద్రంలో పనిచేసే అందర్నీ పరీక్ష చేస్తే ఆమెలో మాత్రమే ఆ రకం కనబడింది. కారణం ఎవరికీ అంతు పట్టలేదు. చివరికి ఎస్తేరే నోరు జారింది. తొట్టిలో పోసే ముందు జావ వేడి చూడటానికి, ఉప్పు చూడటానికి ఏళ్ళ తరబడి అదే గరిటెతో రుచి చూసేదట. కోడలు అని తను పేరు పెట్టుకున్న ఆడపంది మూతి పెట్టిన గరిటె అది. "ఉప్పు తగ్గితే అది నా మీద అలుగుద్ది మరి," అంది. డాక్టరమ్మ తల పట్టుకుంది. తర్వాత ఆ తలలోనే దీపం వెలిగింది. పందిలో బతికిన రకం మనిషిలో ఇన్నేళ్ళు ఏ హానీ చేయకుండా బతికిందంటే, ఇక భయపడాల్సింది తక్కువ.

పట్నం నుంచి పిల్లల డాక్టర్లు వచ్చారు, చూశారు, వాదించుకున్నారు, ఒప్పుకున్నారు. ముందుగా తల్లికే ఆ తోడు వేద్దామన్నారు. ఎస్తేరు నుంచి తీసినదాన్ని వెంటనే గుళికలో పెట్టి మల్లేశ్వరి చేత మింగించారు. పట్టలేదు. మళ్ళీ మింగించారు. మళ్ళీ పట్టలేదు. డాక్టరమ్మ అడిగీ అడిగీ అసలు సంగతి లాగింది. తనకి తుమ్ము వస్తే పిల్లకి అంటుకుంటుందేమోనని, మందుల షాపువాడి దగ్గర యాంటీబయోటిక్ బిళ్ళలు కొనుక్కుని మింగడం మల్లేశ్వరికి పిల్ల పుట్టినప్పటినుంచీ అలవాటు.

"మీ కడుపు సబ్బుతో తోమిన గిన్నెలా ఉందమ్మా. అందులో ఏదీ నిలవడం లేదు," అంది డాక్టరమ్మ. "కావాలంటే ఇంకో దారి ఉంది. పిల్లకి ఇక రోజూ ఎస్తేరే ముద్ద కొరికి పెడుతుంది. కొన్నాళ్ళపాటు మీరు కూడా ఆ ముద్ద తినండి. మీ కడుపులో పడుతుందో లేదో మాత్రం ఇంకా తెలీదు."

మల్లేశ్వరి మొహం ముడుచుకుంది. "పిల్లకంటే తప్పదు. నాకేం ఖర్మండీ ఒకరి ఎంగిలి తినడానికి?"

ఆ మాట అన్నప్పుడు ఎస్తేరు అక్కడే ఉంది. విననట్టు గరిటె కడుక్కుంది.

లాస్య పెరిగింది. పెరగడమంటే అలా ఇలా కాదు. కాళ్ళకి కండ వచ్చింది. జుట్టు నల్లబడింది. గోడ వదిలేసింది, తర్వాత గోడ ఎక్కడం మొదలెట్టింది. శ్రీహరి పిల్లని భుజాన వేసుకుని క్వార్టర్సంతా తిప్పాడు. మల్లేశ్వరి ఎస్తేరుకి కొత్త చీర పెట్టింది. ఆ రోజు మనస్ఫూర్తిగానే పెట్టింది.

ఆ మనసు ఎక్కువ కాలం నిలవలేదు. లాస్యకి మాడు అంటే పిచ్చి పట్టింది. గిన్నె అడుగున అంటిన అన్నప్పెచ్చు కనబడితే చాలు, పెద్దవాళ్ళకన్నా ముందు చెయ్యి పెట్టేది. ఎస్తేరుకీ అదే పిచ్చి. ఇద్దరూ గుమ్మంలో కూర్చుని గిన్నె గీకుతుంటే క్వార్టర్సులో ఆడవాళ్ళకి అదో వేడుక అయింది.

"ఏం మల్లేశ్వరీ, నీ కూతురికి అచ్చం ఎస్తేరు పోలికలే వస్తన్నాయే," అంది ఎదురింటి పంకజం.

మల్లేశ్వరి డాక్టరమ్మని అడిగింది. "ఆ పురుగులు వాటికి కావలసినవి అవే అడిగి తెప్పించుకుంటాయేమో," అందామె. "జావ తాగే పందులు కూడా తొట్టి అడుగున మాడిందాని కోసం కొట్టుకుంటున్నాయి. ఇంకా తేల్చలేదు." ఆమెకి అదొక ముచ్చట. మల్లేశ్వరికి అది కత్తి. పిల్ల నాలిక కూడా తనది కాకుండా పోతోంది. ఇవాళ నాలిక. రేపు మాట. ఎల్లుండి మనసు. పెళ్ళీడు వచ్చేసరికి లాస్య తనని పక్కింటామెని చూసినట్టు చూస్తుంది. తను మంచాన పడితే ఎస్తేరుని అడిగి వస్తానంటుంది. ఇలా మొదలెడితే మల్లేశ్వరి ఊహ శ్మశానం దాకా వెళ్ళిగానీ ఆగేది కాదు. తన పాడె వెనక లాస్య ఎస్తేరు చెయ్యి పట్టుకుని నడుస్తూ కనబడేది.

ఈ మంటని ఎవరికి చెప్పుకుంటుంది? పిల్ల ప్రాణం నిలబెట్టిన మనిషిని చూసి ఓర్వలేకపోతున్నానంటే లోకం ఉమ్మేస్తుంది. అందుకే పైకి ఎంగిలి అనీ, ఆచారం అనీ సణిగేది. ఆ సణుగుడు లోకానికి అర్థమవుతుంది.

కంట్లో నలుసు పడింది మాత్రం ఒక సాయంత్రం. లాస్య పిట్టగోడ మీంచి జారి మోకాలు చెక్కుకుంది. మల్లేశ్వరి చేతిలో చేట విసిరేసి పరిగెత్తింది, చేతులు చాపింది. ఏడుస్తూ లేచిన పిల్ల ఆ చేతుల పక్కనుంచి దూసుకుపోయి, "పెద్దమ్మా!" అంటూ ఎస్తేరు చీర కుచ్చిళ్ళలో మొహం దాచుకుంది. ఎస్తేరు దాన్ని ఎత్తుకుని, మల్లేశ్వరి చాచిన చేతుల వైపు ఒక్కసారి చూసింది. ఆ చూపులో గర్వం ఉందో, జాలి ఉందో గానీ, మల్లేశ్వరికి రెండూ ఒకటే.

మల్లేశ్వరి పుట్టింట్లో పిల్లలకి ఏడాదికోసారి పొట్ట కడిగే ఆనవాయితీ ఉంది. పొద్దున్నే ఆముదం పట్టి, కాస్త చారన్నం పెట్టి, ఉన్న చెత్తంతా పోగొట్టేవారు. పెరుగు పులిసిపోతే ఏం చేస్తాం? ముంత కడిగి కొత్త తోడు వేస్తాం. మల్లేశ్వరి లెక్క అక్కడినుంచే మొదలైంది. తను బిళ్ళలు మానేసి చాలా కాలమైంది. పిల్ల వదిలేసిన అన్నం రోజూ తింటోంది, ఏ తల్లయినా తినేదే. పిల్ల ఎంగిలిలో ఉన్నది ఈపాటికి తన కడుపులో చేరకుండా ఎక్కడికి పోతుంది? కాబట్టి పిల్ల పొట్ట ఒక్కసారి కడిగేసి, ఇక తనే కొరికి పెడితే, అదే తోడు, కానీ తన తోడు. డాక్టరమ్మని అడగొచ్చు. అడిగితే వద్దంటుందని తెలుసు కాబట్టి అడగలేదు.

ఎస్తేరు ప్రార్థనకి వెళ్ళిన ఆదివారం, లాస్య ముక్కు పట్టుకుని ఆముదం పోసింది. మందుల డబ్బాలో మిగిలిపోయిన తన బిళ్ళల్లో సగం సగం విరిచి తేనెలో నలిపి నాకించింది. సాయంత్రానికి పిల్ల తోటకూర కాడలా వాలిపోయింది. మర్నాడు మల్లేశ్వరి అన్నం కలిపి, ముద్ద సగం కొరికి, మిగిలిన సగం కూతురి నోట్లో పెట్టింది. లాస్య తిన్నది. ఆ ముద్ద లోపలికి దిగుతుంటే మల్లేశ్వరికి తను మళ్ళీ కన్నట్టనిపించింది.

మధ్యాహ్నం ఎస్తేరు మాడు చెక్క కొంగులో కట్టుకుని వచ్చింది. మల్లేశ్వరి గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఇక రానక్కర్లేదక్కా. మా పిల్లకి నేనే పెట్టుకుంటాను."

"డాక్టరమ్మ చెప్పిందా?"

"నా పిల్లకి నేను పెట్టుకోవడానికి ఒకరు చెప్పాలా?"

"అదేందే మల్లీ, పిల్ల యాడుంది? మొహం చూసి పోతా."

"చూసింది చాలు," అంది మల్లేశ్వరి. ఇన్నాళ్ళూ కిటికీ వెనక మింగిందంతా ఒక్కసారి గొంతులోకి వచ్చింది. "పందుల ఎంగిలి తిని బతికేదానివి, నా ఇంట్లో తల్లి పీట మీద కూర్చుందామనుకున్నావా?"

ఎస్తేరు కొంగు ముడి విప్పి, మాడు చెక్కని అరుగు మీద పెట్టింది. చేతులు దులుపుకుంది. "సరే తల్లీ. నా ఎంగిలి మళ్ళీ కావాలంటే ఈసారి నేను రాను. నువ్వే రావాల," అని వెళ్ళిపోయింది. రోషంతో డాక్టరమ్మకి కూడా ఈ సంగతి చెప్పలేదు.

మొదట్లో ఏమీ తెలియలేదు. తర్వాత లాస్య గోడ ఎక్కడం మానేసింది. తర్వాత గోడకి ఆనుకుంది. ఒకరోజు స్నానం చేయిస్తూ మల్లేశ్వరి పిల్ల పాదం మీద వేలు నొక్కి చూసింది. వేలు తీశాక గుంట అలాగే ఉండిపోయింది, పాదానికి నీరు పట్టింది. ఆమె జీవితమంతా భయపడిన గుంట అదే.

అయినా నోరు విప్పలేదు. డాక్టరమ్మ పరీక్షలు చేసి కుర్చీలో కూలబడింది. "ఒక్కటి కూడా లేదు. తుడిచిపెట్టినట్టు పోయాయి. పిల్లకి మందేమైనా పడిందా మల్లేశ్వరి గారూ?"

"లేదండీ."

"ఎస్తేరు ముద్ద పెడుతూనే ఉందా?"

"పెడుతూనే ఉందండీ."

డాక్టరమ్మ బల్ల మీది కాగితాలు మూసి పక్కన పెట్టింది. "అయితే ఈ రకం మనుషుల్లో నిలవదన్నమాట. పట్నం ఆస్పత్రిలో లాస్యలాంటి పిల్లలు ఉన్నారు. వాళ్ళ తల్లులకి వచ్చే నెల మొదలెడదామని మాటిచ్చాను. ఇక ఆపేయాలి."

మల్లేశ్వరి ఇంటికొచ్చేసరికి శ్రీహరి అలమర ముందు నిలబడి ఉన్నాడు. చేతిలో ఆముదం సీసా, సగం విరిచిన బిళ్ళల అట్ట ఉన్నాయి. అతను అరిచే మనిషి కాదు. సీసా మూత తీసి వాసన చూసి, మళ్ళీ మూత పెట్టాడు.

"నువ్వు పొద్దున్న లేస్తే పిల్ల చచ్చిపోతుందని ఏడుస్తావు కదే," అన్నాడు మెల్లిగా. "దాన్ని చంపేది నువ్వేనని నాకు ఒక్కసారి కూడా తట్టలేదు."

ఆ మాటకి ఆమె ఏడవలేదు. పిల్లని చంకనెత్తుకుని బయల్దేరింది. బరువు లేని పిల్లని మోయడం ఎంత బరువో దారి పొడుగునా తెలిసింది.

షెడ్డులో కొత్త ప్రయోగం నడుస్తోంది. ఎస్తేరు కోడలు అని పిలిచే ఆడపంది పక్కన, అంతే ఒళ్ళున్న ఇంకో ఆడపంది ఒకే తొట్టిలో మూతి పెట్టి తింటోంది. రెండోదాని చెవి అంచు చిరిగి, పుండు మానుతోంది. ఎస్తేరు వెనక్కి తిరక్కుండానే అంది, "అది తోడికోడలు. దాని కడుపులో ఆ పురుగు లేదు. కలిపి పెడితే వస్తదేమో చూడమంది డాక్టరమ్మ. తొట్టికాడ ముందు చెవులు కొరుక్కున్నాయి. ఆకలికి ఎన్నాళ్ళు కొరుక్కుంటాయిలే. ఇప్పుడు చూడు, పక్కపక్కన మూతులు. దానికీ వచ్చిందంట."

"అక్కా," అంది మల్లేశ్వరి.

ఎస్తేరు తిరిగింది. ముందు లాస్య మొహం చూసింది, తర్వాత కాళ్ళు చూసింది. చేతిలో గరిటె కింద పడింది.

"ఏం చేశావే?"

మల్లేశ్వరి చెప్పింది. ఆముదం, బిళ్ళలు, తన లెక్క, డాక్టరమ్మతో ఆడిన అబద్ధం, అన్నీ చెప్పింది. తలవంచుకుని తొట్టితో చెబుతున్నట్టు చెప్పింది.

"పసిదాని కడుపు కడుగుతావా? నా మీద కోపముంటే నా చెంప పగలగొట్టకూడదూ?" ఎస్తేరు పిల్లని లాక్కున్నంత పనిచేసి చంకనేసుకుంది. పందులు చప్పుడు చేస్తూ తింటున్నాయి. తర్వాత ఎస్తేరు గొంతు తగ్గింది. "నేను మాత్రం తక్కువదాన్నా. నువ్వు కిటికీ కాడ నిలబడేది నాకు తెలీదనుకున్నావా? నువ్వు చూస్తన్నావనే ఇంకో ముద్ద ఎక్కువ పెట్టేదాన్ని. నా పిల్లలు పెద్దోళ్ళయి పోయారు, నా ఎంగిలి వాళ్ళకిప్పుడు అసియ్యం. ఇది నోరు తెరుస్తుంటే నాకూ కులుకుగానే ఉండేది."

డబ్బా తెరిచి, తన మధ్యాహ్నపు అన్నం తీసింది. ముద్ద చేసి సగం కొరికి, లాస్యకి పెట్టింది. పిల్ల నీరసంగా నమిలింది. ఎస్తేరు ఇంకో ముద్ద చేసింది.

"నాక్కూడా పెట్టక్కా," అంది మల్లేశ్వరి.

ఎస్తేరు చెయ్యి ఆగింది. "ఏమంటివి?"

"తోడికోడలికి వచ్చిందన్నావుగా. నాక్కూడా పెట్టు."

"ఒకరి ఎంగిలి తినే ఖర్మ నీకేం పట్టిందే?"

"పట్టింది," అంది మల్లేశ్వరి, పక్కనే గచ్చు మీద కూర్చుంటూ.

ఎస్తేరు ఆ ముద్దని కావాలనే పెద్దగా కొరికింది. నిదానంగా నమిలింది. మిగిలింది చిన్న ముక్క. దాన్ని మల్లేశ్వరి పెదాల దగ్గర పట్టుకుంది. తన పెదాలు వాటంతట అవే బిగుసుకోవడం మల్లేశ్వరికి తెలిసింది. చంకలోంచి లాస్య చెయ్యి చాపి తల్లి గడ్డం పట్టుకుంది.

"అమ్మా, ఆ అను," అంది.

మల్లేశ్వరి ఆ అంది.

మర్నాడు డాక్టరమ్మకి కూడా నిజం చెప్పింది. ఆమె తిట్టలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "మీరు చెప్పకపోయి ఉంటే ఆ పిల్లలందరికీ తలుపు మూసేసేదాన్ని," అని మాత్రం అంది. తిడితే బాగుండేదని మల్లేశ్వరికి చాలా రోజులు అనిపించింది.

లాస్య నెమ్మదిగా కోలుకుంది. పాదాల నీరు తీసింది. రోజూ మధ్యాహ్నం షెడ్డు గుమ్మంలో తల్లీ కూతుళ్ళు పక్కపక్కన కూర్చునేవారు, ఎస్తేరు ఒకళ్ళ తర్వాత ఒకళ్ళకి పెట్టేది. పంకజం చూసి నోరు నొక్కుకుంది. అసూయ పోయిందా అంటే ఎక్కడికి పోతుంది? మొదటి ముద్ద ఎవరికి పెట్టింది, ఎవరి ముద్ద పెద్దది, మల్లేశ్వరి కంటికి ఏదీ తప్పేది కాదు. ముసురు రోజుల్లో ఆమెకి జలుబు చేసింది. అలవాటుగా చెయ్యి మందుల డబ్బా దాకా వెళ్ళింది. ఇది న్యుమోనియా అవుతుంది, పిల్లకి అంటుతుంది, ఇద్దరం పోతాం అనుకుంటూ, డబ్బా మూత మీద చెయ్యి పెట్టుకుని అలాగే కూర్చుంది. మూత తీయలేదు. జలుబు దానంతట అది తగ్గింది.

ఒకరోజు పొద్దున్న ఆమె అన్నం వార్చి గిన్నె కడగబోయింది. అడుగున పల్చగా మాడు అంటి ఉంది. ఈమధ్య గరిటె తిప్పడం మర్చిపోతోందని అప్పుడే గమనించింది. గోటితో ఓ పెచ్చు లేపింది. అది పారేద్దామనే లేపింది. తీరా చూసుకుంటే నోట్లో ఉంది. కరకరమంది. ఇంకో పెచ్చు లేపింది. గిన్నె సగం గీకాక ఆమె చెయ్యి ఆగిపోయింది.

డాక్టరమ్మ పరీక్ష చేసి అవునంది. "మీ కడుపులో కుదురుకుంది మల్లేశ్వరి గారూ. ఇక మీ పిల్లకి మీరు చాలు."

ఆ మాట కోసం ఆమె ఎంత కాలిపోయిందో ఆమెకే తెలుసు. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. ముద్ద కలిపి సగం కొరికి లాస్యకి పెట్టింది. పిల్ల తిన్నది, మళ్ళీ నోరు తెరిచింది. లోకంలో మిగిలినవాళ్ళకి ఈ సంగతి తెలియకుండా ఒక్క పూటైనా గడవాలని ఆమెకి అనిపించింది. గడవనిచ్చింది.

మర్నాడు గిన్నె అడుగు మాడంతా ఊడదీసి ఆకులో పెట్టుకుని, పిల్లని తీసుకుని షెడ్డుకి వెళ్ళింది. ఎస్తేరు ఆకు విప్పి చూసింది. మల్లేశ్వరి వంటలో మాడు. ఎస్తేరు తలెత్తి ఆమె మొహంలోకి చూసింది.

"అయితే ఇక నాతో పని లేదన్నమాట," అంది ఎస్తేరు. నవ్వుతూనే అంది. నవ్వు ఒక పక్కకి జారింది. ఆమె చూపు లాస్య మీద నిలిచింది, లాస్య తల్లి కొంగు పట్టుకుని ఉంది. ఆ చూపు మల్లేశ్వరికి బాగా తెలుసు. కిటికీ వెనక, ఊచల మధ్యనుంచి, ఏడాదిపాటు తన మొహం మీద ఉన్నది అదే.

"పని లేకపోవడమేంటి?" అంది మల్లేశ్వరి. "ఒక్క కడుపుని నమ్ముకుని ఉండమంటావా నన్ను? నా సంగతి తెలియనట్టు మాట్లాడతావే. రేపు నాకేదో రోగం వస్తుంది. డాక్టర్లు నాకు ఏ సూదో పొడుస్తారు. ఉన్నదంతా పోతుంది. అప్పుడు పిల్ల నోరు ఎక్కడ తెరవాలి?"

"నీకేం రోగం రాదులేవే."

"వస్తుంది," అంది మల్లేశ్వరి గట్టిగా, పీట లాగి ఎస్తేరు ముందు వేస్తూ. "కూర్చో."

ఎస్తేరు కూర్చుంది. మాడు చెక్కని విరిచి, సగం కొరికింది. లాస్య తల్లి కొంగు వదిలేసి పరిగెత్తింది. మల్లేశ్వరికి ఎక్కడో చురుక్కుమంది. చురుక్కుమంటూనే వెళ్ళి పక్కన కూర్చుని, తన వంతుకి ఎదురుచూసింది.